కూర్చుంటే 95, నడిస్తే 83: మా నాయనకు ఆక్సిజన్ నిజంగా కావాలా?

ప్రశ్న: మా పుట్టిల్లు చిత్తూరు దగ్గర పల్లె. పెళ్లయ్యాక నేను తిరుపతిలో ఉంటున్నాను. మా నాయనకు 64 ఏళ్లు. ముప్పై ఏళ్లు బెల్లం గానుగ దగ్గర పని చేశాడు. రెండేళ్లుగా పొడి దగ్గు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. స్కాన్ తీసి ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయి, ఐఎల్‌డీ అన్నారు. పోయిన నెల తిరుపతిలో డాక్టరు ఆరు నిమిషాలు వరండాలో నడిపించి చూశారు. కూర్చున్నప్పుడు 95 ఉన్న ఆక్సిజన్ నాలుగో నిమిషంలో 83కి పడిపోయింది. మొత్తం 330 మీటర్లు నడిచాడు. నడిచేటప్పుడు నిమిషానికి 2 లీటర్ల ఆక్సిజన్ పెట్టుకోమని, రెండు వారాల తర్వాత ఆక్సిజన్‌తోనే మళ్లీ నడిపించి చూడాలని రాశారు. అంతకు మూడు నెలల ముందు వేరే చోట ఇదే పరీక్ష చేసి, నడిచాక కూడా 92 ఉంది, భయం లేదన్నారు. నాయన ఇప్పుడు ఆ మాటే పట్టుకున్నాడు. “కూసుంటే 95 ఉండాది గదా పాపా, ముక్కుకు గొట్టం దేనికి? ఒగసారి అలవాటైతే ఇంక వదలదంట” అంటాడు. ఏ అంకె నమ్మాలి? రెండో పరీక్ష అవసరమా? వేలికి పెట్టే మిషన్ ఇంట్లోనే ఉంది, మేమే చూసుకోకూడదా? ఇంకో సంగతి. మనవడు పుడితే అలిపిరి మెట్ల మీద నడిచి కొండకు వస్తానని మొక్కుకున్నాడు. పిల్లోడికి ఏడాది నిండింది. ఆ మొక్కు ఏం చెయ్యాలి?

— ఒక కూతురు, తిరుపతి

సమాధానం:

అమ్మా,

95 నిజమే, 83 కూడా నిజమే. మీ నాయన కూర్చున్నంతసేపు ఆయన రక్తానికి ఆక్సిజన్ సరిపోతోంది. లేచి నడిస్తే సరిపోవడం లేదు. ఆయన జబ్బు ఎలాంటిదో తెలిసినవాళ్లకు ఇందులో వింత కనబడదు. నాకు అనుమానమల్లా మూడు నెలల కిందటి ఆ 92 మీదే. దాని సంగతి కూడా చెబుతాను.

ఈ నడక పరీక్ష చేయించడమే పనిగా నేను చాలా ఏళ్లు ఆసుపత్రి వరండాల్లో నిలబడ్డాను. అన్నేళ్లలో పేషెంట్ల నోట ఎక్కువసార్లు విన్నది మీ నాయన అన్న మాటే. “కూర్చుంటే బాగుంది కదమ్మా” అని. మనిషి కూర్చునే బతకడు గదా. స్నానానికి పోవాలి, దొడ్లోకి పోవాలి, బస్సెక్కాలి, మనవణ్ని ఎత్తుకోవాలి. కూర్చున్నప్పటి అంకె ఈ పనుల గురించి ఏమీ చెప్పదు.

కొండమీద లడ్డూ కౌంటరు దగ్గర వరుసను ఒకసారి తలుచుకోండి. వరుస నింపాదిగా కదులుతుంటే ఒక్కొక్కరూ కిటికీ దగ్గర ఆగి, లడ్డూ అందుకుని ముందుకు పోతారు. ఊపిరితిత్తుల్లో జరిగేది కూడా ఇంచుమించు అదే. గాలిగదిని ఆనుకుని ఉన్న సన్నటి రక్తనాళంలో ఒక్కో ఎర్రకణం, మనం ఊరికే కూర్చున్నప్పుడు, సుమారు ముప్పావు సెకను ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఆక్సిజన్ అందుకోవడానికి అందులో మూడో వంతు చాలు. శ్రమ పెరిగే కొద్దీ గుండె వేగం పెరుగుతుంది, వరుస పరుగందుకుంటుంది, ఆ ముప్పావు సెకను తగ్గుతూ తగ్గుతూ పావు సెకను దాకా వస్తుంది. మంచి ఊపిరితిత్తులకు అదీ సరిపోతుంది. మీ నాయనకు గాలికీ రక్తానికీ నడుమ ఉన్న గోడ మందమెక్కింది. అంటే లడ్డూ ఇచ్చే చెయ్యి నిదానమైపోయింది. వరుస మెల్లగా ఉన్నంతసేపు ఆ నిదానం ఎవరికీ తెలియదు. వరుస పరుగెత్తిందంటే చాలామంది వట్టి చేతులతో దాటిపోతారు. మీరు చూసిన 83 ఆ వట్టి చేతుల లెక్క.

అందుకే ఈ రకం జబ్బులో కూర్చోబెట్టి చూసిన అంకెను నమ్ముకుని ఇంటికి పంపడం నాకు ఎప్పుడూ మనసొప్పలేదు. పొగతాగేవాళ్లకు, కట్టెల పొయ్యి ముందు ఏళ్ల తరబడి వంట చేసిన ఆడవాళ్లకు వచ్చే, ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే సీఓపీడీ జబ్బులో కొందరికి నడిచినా అంకె పెద్దగా పడదు, ఆయాసం మాత్రం ఉంటుంది. గట్టిపడే జబ్బులో అలా కాదు. మనిషి మొహంలో ఇంకా ఏమీ కనబడకముందే అంకె జారిపోతుంది. 84 చూపిస్తున్నా నాతో కబుర్లు చెబుతూ నడిచినవాళ్లను చూశాను.

ఇక్కడే ఒక మాట, మరిచిపోకముందే. బెల్లం గానుగ పని అని రాశారు. బూజు పట్టిన చెరకు పిప్పి దుమ్ము ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. దానికి వైద్యంలో వేరే పేరే ఉంది, బగాసోసిస్ అని. మీ నాయనకు వచ్చింది అదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. గానుగ సంగతి డాక్టరుకు చెప్పారో లేదో మీ ఉత్తరంలో లేదు. చెప్పకపోయి ఉంటే ఈసారి పోగానే మొదట అదే చెప్పండి. ఆయన ఇప్పటికీ పిప్పి ఎండబోసేచోటికి, పొయ్యిలో పిప్పి వేసేచోటికి పోతుంటే మాన్పించండి. ఇంట్లో పావురాలు పెంచుతుంటే అది కూడా చెప్పాలి. కారణం దొరికితే వైద్యం దారే మారిపోవచ్చు.

ఇప్పుడు ఆ 92. ఈ పరీక్ష చూసేవాళ్లకు ‘ఇంతేనా, వరండాలో నడవడమేనా’ అనిపిస్తుంది. యంత్రాలు లేవు, సూదులు లేవు. అందుకే చాలాచోట్ల దీన్ని చులకనగా చేసేస్తారు. నిజానికి దీనికి గట్టి పద్ధతి ఉంది. 1976లో దీర్ఘకాలపు దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లను 12 నిమిషాలు నడిపించి ఎంత దూరం పోయారో కొలిచారు. జబ్బు మనిషికి 12 నిమిషాలు మరీ శ్రమ కాబట్టి 1982లో 2, 6, 12 నిమిషాల నడకలను పోల్చి చూశారు. చివరికి ఆరు నిమిషాలే వాడుకలో నిలిచింది. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2002లో ఎలా చేయాలో పద్ధతి రాసి పెట్టింది. 2014లో యూరప్ సొసైటీతో కలిసి దాన్ని మళ్లీ సరిచేసింది.

ఆ పద్ధతి ప్రకారం 30 మీటర్ల తిన్నని వరండా కావాలి, రెండు చివరలా గుర్తులుండాలి. పరుగు కాదు, నడకే. ఆరు నిమిషాల్లో తన శక్తి కొద్దీ ఎంత దూరం పోగలిగితే అంత. ఆయాసం వస్తే మెల్లగా నడవచ్చు, ఆగిపోవచ్చు, గోడకు ఆనుకోవచ్చు. గడియారం మాత్రం ఆగదు. నడిపించేవాళ్లు పక్కనే నడుస్తూ తమ వేగాన్ని పేషెంటు మీద రుద్దకూడదు. నిమిషానికోసారి “బాగా నడుస్తున్నారు, ఇంకా ఇన్ని నిమిషాలున్నాయి” అని, అందరికీ ఒకే మాట, ఒకే గొంతుతో చెప్పాలి. నవ్వు రావచ్చు గానీ ఈ చివరి నియమం ఊరికే పెట్టలేదు. “ఊఁ, ఇంకా, ఇంకా” అని ఉత్సాహపరిస్తే పదుల మీటర్లు ఎక్కువ నడుస్తారు. ఒకచోట ఉత్సాహపరిచి, ఇంకోచోట ఊరుకుంటే ఆ రెండు అంకెలను పోల్చలేం. వరండా పొట్టిదైనా అంతే. మాటిమాటికీ తిరగాలి, తిరిగిన ప్రతిసారీ వేగం తగ్గుతుంది, దూరం తగ్గుతుంది.

అన్నిటికన్నా పెద్ద నియమం, వేలికి పెట్టిన మిషన్‌ను ఆరు నిమిషాలూ చూస్తూనే ఉండాలి. నడక ముందు ఒకసారి, అయిపోయాక ఒకసారి చూస్తే సరిపోదు. ఎందుకంటే అందరికీ అట్టడుగు అంకె ఆఖరి నిమిషంలోనే రాదు. మీ నాయనకు నాలుగో నిమిషంలో వచ్చిందని మీరే రాశారు. ఇంకా ఆయాసం ముదిరితే మనిషి తనకు తెలియకుండానే వేగం తగ్గిస్తాడు, అంకె కొంచెం లేస్తుంది. కూర్చుని నాలుగు ఊపిర్లు తీసుకుంటే ఇంకా లేస్తుంది.

ఇది నాకు పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పనిచేసిన చోట వరండా 12 మీటర్లే. మిషన్ ఒక్కటే. అది ఇంకో గదిలో ఉండేది. పేషెంటును నడిపించి, కుర్చీలో కూర్చోబెట్టి, మిషన్ తెచ్చి వేలికి పెట్టి, వచ్చిన అంకె రాసేదాన్ని. ఒకావిడకు అలాగే 93 అని రాశాను. ఆక్సిజన్ అక్కర్లేదని ఇంటికి పంపారు. ఆరు వారాల తర్వాత బాత్రూంలో పడిపోయిందని తీసుకొచ్చారు. ఆ రోజు మా పెద్ద డాక్టరమ్మ ఆమెను కొద్దిగా కోలుకున్నాక మళ్లీ నడిపించింది, మిషన్ వేలికే ఉంచి. మూడో నిమిషంలో 79. ఆ కాగితం మీద నేను రాసిన 93 పక్కన ఈ 79 చూసి నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పట్నించి నడిచే మనిషి వేలి మీద మిషన్ లేకుండా ఒక్క పరీక్ష కూడా చేయించలేదు.

మీ నాయనకు మూడు నెలల కిందట అలాగే జరిగిందని నేను ఒట్టు పెట్టలేను. మూడు నెలల్లో జబ్బే ముదిరి ఉండవచ్చు కూడా. అయితే “నడిచాక 92” అని రాశారు చూడండి, ఆ ‘నడిచాక’ అన్న మాటే నన్ను ఆపేసింది. పాత కాగితం తీసి చూడండి. నడుస్తున్నప్పుడు అన్నిటికన్నా తక్కువ ఎంత అని ఉందా? ఎన్ని మీటర్లు, వరండా పొడవు ఎంత, మధ్యలో ఎన్నిసార్లు ఆగారు, ఆయాసం 0 నుంచి 10 దాకా ఎంత అని రాసి ఉందా? అవేవీ లేకుండా 92 ఒక్కటే ఉంటే ఆ కాగితం పక్కన పెట్టేయండి. కొత్త పరీక్షే నమ్మండి.

ఇప్పుడు ఆక్సిజన్ సంగతి. ఇందులో మీకు ఉన్నదున్నట్టు చెప్పాలి. కూర్చున్నప్పుడే అంకె 88 లేదా అంతకన్నా తక్కువ ఉండేవాళ్లకు, ధమని నుంచి రక్తం తీసి చూసే ఏబీజీ పరీక్షలో ఆక్సిజన్ ఒత్తిడి 55 లేదా అంతకన్నా తక్కువ వచ్చేవాళ్లకు, రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టడం ఆనవాయితీ. సీఓపీడీలో అలా చేస్తే ఎక్కువకాలం బతుకుతారని 1980, 1981లో వచ్చిన రెండు పెద్ద పరిశోధనలు తేల్చాయి. మీ నాయన ఆ కోవలో లేరు. ఆయనకు నడకలోనే పడుతోంది. అలాంటివాళ్లకు ఆక్సిజన్ ఆయుష్షు పెంచుతుందని ఎవరూ ఇంకా నిరూపించలేదు. 2016లో అమెరికాలో సీఓపీడీ వాళ్ల మీద చేసిన పెద్ద అధ్యయనంలో, కూర్చున్నప్పుడో నడిచినప్పుడో ఒక మోస్తరుగా పడేవాళ్లకు ఆక్సిజన్ పెట్టినా పెట్టకపోయినా బతికిన కాలంలో తేడా రాలేదు. కానీ మీ నాయనది సీఓపీడీ కాదు, పడింది ఒక మోస్తరుగానూ కాదు. ఐఎల్‌డీ ఉండి నడకలో అంకె పడిపోయేవాళ్లకు, నడిచేటప్పుడు ఆక్సిజన్ పెడితే ఆయాసం తగ్గి రోజువారీ బతుకు తేలికవుతుందని 2018లో ఇంగ్లండులో చేసిన అధ్యయనం చూపించింది. 2020లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ ఇచ్చిన సలహా కూడా ఐఎల్‌డీలో నడకకు బాగా పడిపోయేవాళ్లకు పెట్టమనే.

కాబట్టి మీ నాయనతో “ఇది పెట్టుకుంటే పదేళ్లు ఎక్కువ బతుకుతావు” అనకండి. “ఇది పెట్టుకుంటే సందు చివరి టీ అంగడి దాకా ఆగకుండా పోయి రావచ్చు నాయనా” అనండి. అది నిజం. ఆయనలాంటివాళ్లకు ఆ మాటే ఎక్కువ ఎక్కుతుంది కూడా.

అలవాటవుతుందన్న భయం ఒట్టిది. ఆక్సిజన్ బీడీ కాదు, సారా కాదు. ఒంటికి తక్కువైనది మనం కలిపి ఇస్తున్నాం, అంతే. కళ్లజోడు పెట్టుకుంటే కళ్లు చెడిపోతాయని మన పెద్దవాళ్లు ఒకప్పుడు అనేవాళ్లే, ఇది కూడా అలాంటిదే. కొన్నాళ్లకు ఎక్కువ లీటర్లు కావాల్సి వస్తే, అది జబ్బు ముదరడం వల్ల. ఆక్సిజన్ పెట్టినందువల్ల కాదు.

ఇంత చెప్పాక రెండో పరీక్ష ఎందుకో చెప్పడం సులువు. పోయిన నెల నడక ఆక్సిజన్ కావాలా వద్దా అన్నది చెప్పింది. ఎంత కావాలన్నది చెప్పలేదు. 2 లీటర్లు అన్నది ఆరంభపు అంచనా. ఐఎల్‌డీలో నడకకు 2 సరిపోనివాళ్లను ఎంతమందినో చూశాను. కొందరికి 4, కొందరికి 6 కావాల్సి వచ్చింది. ఆక్సిజన్ పెట్టుకుని నడిపించి, అంకె 88 నుంచి 90కి పైన నిలబడేదాకా లీటర్లు పెంచి చూస్తేనే ఆయన మోతాదు తెలుస్తుంది. ఆ పరీక్ష మానేసి ఇంట్లో 2 లీటర్లు పెట్టుకుని నడిస్తే, ముక్కుకు గొట్టం ఉందన్న ధైర్యమే తప్ప లోపల అంకె 84 దగ్గరే కొట్టుకుంటూ ఉండవచ్చు. అప్పుడు మీ నాయన “పెట్టుకున్నా ఏం లాభం లేదు” అని తీసి మూల పడేస్తారు. గొట్టం మూల పడేసిన ఇళ్లలో సగం కథ ఇదే.

ఈ పరీక్షకు పోయేటప్పుడు నా గట్టి సలహా ఒకటుంది. ఆయన ఇంటి బయట ఏ పరికరంతో నడవబోతున్నారో దానితోనే అక్కడ నడిపించమని అడగండి. ఎందుకంటే గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే మిషన్‌ను కాన్సంట్రేటరు అంటారు. ఇంట్లో కరెంటు మీద నడిచే కాన్సంట్రేటరు ఒకటి, భుజానికి తగిలించుకునే బ్యాటరీ కాన్సంట్రేటరు ఒకటి. ఈ భుజం మిషన్లు చాలావరకు ఆగకుండా వదలవు. ఊపిరి లోపలికి తీసినప్పుడే ఒక గుక్క వదులుతాయి. దాని మీద ‘2’ అని ఉంటే అది 2 లీటర్లు కాదు, ఆ కంపెనీ పెట్టుకున్న రెండో మెట్టు, అంతే. ఆసుపత్రి సిలిండరు మీద 2 లీటర్లకు బాగున్న మనిషి, ఈ మిషన్ ‘2’ మీద బాగుండకపోవచ్చు. కొనేముందు అద్దెకు తెచ్చి, దాన్ని మోసుకునే నడిపించి చూడండి. ఎంత బరువో ఆయన భుజానికి కూడా తెలియాలి గదా. లక్షల్లో ఖర్చు పెట్టి తెచ్చి, చాలదని తెలిసి ఏడ్చినవాళ్లను చూశాను.

ఇల్లు పల్లెలో కాబట్టి కరెంటు పోవడం కూడా లెక్కలో పెట్టుకోండి. బి టైపు సిలిండరులో ఇంచుమించు 1500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండు గంటలు వస్తుంది, 4 లీటర్లయితే ఆరే. ఇంట్లో పెట్టే కాన్సంట్రేటరుకు పొడుగాటి గొట్టం తగిలిస్తే వాకిలి దాకా, స్నానాల గది దాకా నడవచ్చు. మధ్యలో కాలికి తగలకుండా గోడ వారగా పరవండి.

డాక్టరు రాసిన లీటర్లను మీ అంతట మీరు పెంచకండి. కొందరి ఒంట్లో, ముఖ్యంగా సీఓపీడీ ముదిరినవాళ్లలో, ఆక్సిజన్ అతిగా ఇస్తే లోపల కార్బన్ డయాక్సైడు పేరుకుని మత్తుగా పడిపోతారు. మీ నాయన ముప్పై ఏళ్లు పొయ్యి పొగలో ఉన్నవారు, బీడీ తాగేవారో లేదో మీరు రాయలేదు. రెండు జబ్బులూ కలిసి ఉండవచ్చు. తిరుపతిలో రుయా, స్విమ్స్ వంటి పెద్దాసుపత్రుల్లో ఏబీజీ చేస్తారు. ఒకసారి చేయించాలా అని డాక్టరును అడగండి. అదే నోటితో గుండెకు ఎకో, రక్తంలో హిమోగ్లోబిన్ కూడా. ఊపిరితిత్తులు గట్టిపడినప్పుడు గుండె కుడి పక్క భారం పడుతుంది. హిమోగ్లోబిన్ తక్కువుంటే వేలి మిషన్ 95 చూపిస్తూనే మనిషి ఆయాసపడతాడు. రక్తం ఎంత ఉందో ఆ మిషన్‌కు తెలియదు.

వేలి మిషన్ సంగతికొద్దాం. ఇంట్లో వాడండి, కానీ ఆసుపత్రి పరీక్షకు బదులుగా మాత్రం కాదు. ఆరు నిమిషాల నడకలో కొందరికి గుండెనొప్పి రావచ్చు, తూలి పడవచ్చు, అంకె 80 కిందికి పోవచ్చు. అప్పుడు ఆపి ఆక్సిజన్ పెట్టడానికి పక్కన మనుషులుండాలి, సిలిండరు ఉండాలి. ఈమధ్యే గుండెపోటు వచ్చినవాళ్లకు అసలు ఈ పరీక్షే చేయరు. మీరు ఇంట్లో చేయగలిగిందీ, డాక్టరుకు బాగా పనికొచ్చేదీ వేరే ఉంది. ఒక నోటుబుక్కు తీసుకోండి. పొద్దున లేవగానే మంచం మీద ఎంత, స్నానం చేస్తున్నప్పుడు ఎంత, వాకిలి దాకా నడిచినప్పుడు తక్కువలో తక్కువ ఎంత, మళ్లీ మామూలుకు రావడానికి ఎన్ని నిమిషాలు పట్టింది అని వారం రోజులు రాయండి. స్నానం సంగతి ముఖ్యం. తలకు నీళ్లు పోసుకుంటూ, వంగి కాళ్లు రుద్దుకునేటప్పుడు పడేంతగా కొందరికి నడకలో కూడా పడదు.

మిషన్ పెట్టేటప్పుడు వేలు వెచ్చగా ఉండాలి, చల్లబడి ఉంటే రుద్ది పెట్టండి. మిషన్ మీద నాడి అంకె కూడా ఉంటుంది. మణికట్టు పట్టుకుని లెక్కపెడితే వచ్చేదానికీ దానికీ పొంతన లేకపోతే పక్కనున్న ఆక్సిజన్ అంకెను నమ్మకండి. నడిచేటప్పుడు చెయ్యి ఊగితే తప్పు చూపిస్తుంది కాబట్టి చేతిని గుండెకు ఆనించుకోమనండి. మిషన్ కొంచెం వెనకబడి చూపిస్తుంది, ఆగిన అర నిమిషం దాకా చూస్తూనే ఉండండి. నల్లటి ఒళ్లున్నవాళ్లకు ఈ మిషన్లు అసలుకన్నా కొన్ని పాయింట్లు ఎక్కువ చూపించే వీలుందని అమెరికా ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరించింది. ఎండలో పనిచేసిన మన పల్లె మనుషులకు ఇది గుర్తుపెట్టుకోదగ్గ మాట. 90 అంటే నిజంగా 87 కావచ్చు. కూర్చున్నప్పుడే 90 కిందికి దిగితే, పెదవులు నీలంగా మారితే, మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతుంటే నోటుబుక్కు పక్కన పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పరీక్ష రోజు మాత్రలు మామూలుగా వేసుకోవాలి. కొంచెం తిని పోవాలి, కడుపు నిండా కాదు. బస్టాండు నుంచి నడిపించుకుని పోకండి, ఆటోలో తీసుకెళ్లండి. అక్కడ పది నిమిషాలన్నా కూర్చోవాలి. కాళ్లకు అలవాటైన చెప్పులు, ఎప్పుడూ వాడే చేతికర్ర ఉంటే అది. చాలామంది ఇది తప్పకూడని పరీక్ష అనుకుని మొదటి రెండు నిమిషాలు ఉరుకుతారు, తర్వాత నిలబడలేరు. నాయనకు ముందే చెప్పండి, ఇందులో పాసు ఫెయిలు లేవని. కొందరు దీనికి పూర్తిగా ఎదురు, ఆక్సిజన్ పెట్టేస్తారేమోనని కావాలనే నింపాదిగా నడుస్తారు. మీ నాయన మాటలు వింటే ఆ ఆలోచన ఆయనకు రావచ్చనిపిస్తోంది. అట్లా నడిచి 90 తెచ్చుకుంటే మోసపోయేది ఆయన ఒళ్లే అని నెమ్మదిగా చెప్పండి. రెండోసారి నడిస్తే పద్ధతి అలవాటై ఎంతో కొంత దూరం పెరగడం మామూలే. ఇకముందు కూడా 330 కాస్తా 320 అయిందని గాబరాపడకండి. 30 మీటర్లకు మించి తేడా వస్తేనే పట్టించుకోదగ్గ మార్పు అంటారు.

నిప్పు గురించి ఒక్క మాట, ఇది తేలిగ్గా తీసుకోకూడనిది. ఆక్సిజన్ తనంతట మండదు, పక్కనున్న నిప్పును భగ్గుమనిపిస్తుంది. గొట్టం ముక్కుకు ఉండగా బీడీ లేదు, పొయ్యి దగ్గరికి పోవడం లేదు, దేవుడి గదిలో దీపానికి పది అడుగుల దూరం. హారతి కళ్లకద్దుకోవాలంటే మిషన్ ఆపి, గొట్టం తీసి పక్కన పెట్టి, కాసేపాగి, అప్పుడు. మొహానికి నూనె, వ్యాజలీను రాయకూడదు. ముక్కు ఎండిపోతే నీళ్లతో చేసిన జెల్ మందుల షాపులో దొరుకుతుంది.

ఇక మొక్కు. అలిపిరి దారిలో 3550 మెట్లు. మోకాళ్ల పర్వతం దగ్గర ఆరోగ్యంగా ఉన్నవాళ్లే మెట్టు మెట్టుకూ ఆగుతారు. చదునైన వరండాలో, నాలుగో నిమిషంలో 83 అయిన మనిషి ఆ మెట్లు ఎక్కకూడదు. శ్రీవారి మెట్టు దారి దగ్గరే గదా, 2388 మెట్లే గదా అని ఎవరన్నా అంటే అదీ వద్దు. అది ఇంకా నిటారు. భుజాన సిలిండరు వేసుకుని ఎక్కుతానన్నా వద్దు. ఆయాసం, గుండెజబ్బు ఉన్నవాళ్లు నడిచి రావద్దని దేవస్థానం వాళ్లే కోరుతుంటారు. నాయన దేవుడికి మాట తప్పినట్టు బాధపడతారని నాకు తెలుసు. మా ఇంట్లో కూడా ఇలాంటి మొక్కు ఒకటి ఉండింది. నడవలేని పెద్దల మొక్కును కూతురో కొడుకో నడిచి తీర్చడం మన ఇళ్లలో ఎప్పట్నుంచో ఉన్నదే. మెట్లు మీరెక్కండి, పిల్లోణ్ని ఎత్తుకుని ఆయన బస్సులో రావచ్చు.

బస్సులో పోయినా కొండ కొండే. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తులో ఉంది. సముద్రమట్టంతో పోలిస్తే అక్కడ గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు తక్కువ. కింద 95 ఉన్న అంకె పైన కూర్చున్నప్పుడే కొంత తగ్గవచ్చు, నడిస్తే 83 కన్నా కిందికి పోవచ్చు. కాబట్టి పైన ఆక్సిజన్ లేకుండా నడవకూడదు, వరుసల్లో గంటల తరబడి నిలబడకూడదు. పెద్దవాళ్లకు విడిగా ఉన్న దర్శనం ముందే చూసుకుని, చక్రాల కుర్చీ అడగండి. పైన దేవస్థానం వారి అశ్విని ఆసుపత్రి ఉంది, ఎక్కడుందో బస్సు దిగగానే కనుక్కోండి. సిలిండరు బస్సులో, తనిఖీ దగ్గర తీసుకుపోనిస్తారా అన్నది బయల్దేరే ముందే అడిగి, డాక్టరు రాసిన చీటీ వెంట పెట్టుకోండి. కొండమీద ఎన్ని లీటర్లు పెట్టాలో కూడా ఆ చీటీలోనే రాయించుకోండి. అది తెలియాలంటే రెండో నడక అయిపోవాలి. కొండకు పోయే తేదీ ఆ తర్వాతే పెట్టుకోండి.